ఎరువు అత్తయ్య

మా మేనత్త ఎవరి గడప ఎక్కినా వట్టి చేతులతో తిరిగొచ్చిన మనిషి కాదు. దొంగతనం కాదు సుమా, అన్నీ అడిగే తెచ్చేది. కత్తెర, గొడుగు, నిచ్చెన, ఇస్త్రీపెట్టె, టేబుల్ ఫ్యాను. వాడుకుని తిరిగి ఇచ్చేస్తామని తెచ్చుకునే వస్తువును ఎరువు అంటాం కదా. ఆ తిరిగి ఇచ్చే ముక్క మాత్రం ఆవిడ మర్చిపోయేది. డబ్బు ఒక్కటే ఎవరినీ అడగలేదు. ఆవిడ అసలు పేరు పోస్టుమాన్‌కు తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఎరువు అత్తయ్యే. ఆవిడ పోయి ఏడాది కావస్తున్నా, మెట్ల మీద అడుగుల చప్పుడైతే నా చెయ్యి ఇప్పటికీ జేబులోని కలాన్ని గట్టిగా పట్టుకుంటుంది.

చూపు లేనివాళ్ళకు పుస్తకాలు చదివి వినిపించే స్వచ్ఛంద సంస్థ ఒకటి ఉంది. చాలా దేశాల్లో పనిచేస్తుంది. మా దేశానికి సంబంధించిన జాతీయ శాఖ ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన, రెండు గదుల్లో ఉండేది. బయట బోర్డు చాలా పెద్దది. లోపల రెండు కుర్చీలు, వాటిలో ఒకటి గోడకు ఆనిస్తేనే నిలబడేది. చదివేవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. వినేవాళ్ళు వచ్చి వచ్చి విసిగి మానేశారు. అధ్యక్షుడు రోజూ వచ్చి, కింద పళ్ళు అరగదీసే చప్పుడు కాసేపు విని, తాళం వేసుకుని వెళ్ళేవారు.

ఒకరోజు అత్తయ్య స్టాప్లర్ ఎరువు అడగడానికి పైకెక్కింది.

“స్టాప్లర్ లేదమ్మా. శాఖ ఉంది, కావాలా?” అన్నారాయన విరక్తిగా.

“ఇవ్వండి, వాడుకుని ఇచ్చేస్తాను.”

ఆయన తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి, అది ఇక తిరిగి రాదన్న ధీమాతో హాయిగా మెట్లు దిగిపోయారు.

ఆ తర్వాత కొద్దిరోజులకే కేంద్ర కార్యాలయం నుంచి కబురు వచ్చింది. పరిశీలకుడు వస్తాడు, చదివేవాళ్ళూ వినేవాళ్ళూ కనిపించకపోతే శాఖ మూసేస్తారు. అత్తయ్య సభలు పెడుతుందనుకున్నాను. కరపత్రాలు పంచుతుందనుకున్నాను. ఆవిడ సంచి భుజాన వేసుకుని ఎరువులకు బయల్దేరింది.

మా వీధి చివర ఒక దర్జీ ఉండేవారు. చూపు పోయాక కొట్టు మూసి ఇంట్లో కూర్చున్నారు. ఎవరు పలకరించబోయినా తలుపు సందులోంచి “బాగానే ఉన్నాను” అని గొళ్ళెం పెట్టేసేవారు.

“దర్జీగారూ, పెద్ద కత్తెర ఉందా?” అంది అత్తయ్య.

తలుపు బార్లా తెరుచుకుంది. “ఉందమ్మా. ఇక నాకెందుకు, మీరే ఉంచేసుకోండి.”

“ఉంచేసుకోవడం నాకు అలవాటు లేదండీ. గురువారం పళ్ళ డాక్టరు పైనున్న మా శాఖకు మీరే వచ్చి పట్టుకెళ్ళండి. మెట్లకు కమ్మీ ఉంది, పట్టుకుని ఎక్కొచ్చు.”

పక్కనే ఉన్న నేను దగ్గు వచ్చినట్టు నటించి నవ్వు మింగాను.

గురువారం ఆయన వచ్చారు. కత్తెర దొరకలేదు. అత్తయ్య ఒక హత్య నవల నా చేతిలో పెట్టి, “వెతికేలోగా నీ గొంతు కాస్త ఎరువియ్యరా,” అంది. మొదటి అధ్యాయంలోనే శవం దొరికింది. కత్తెర మాత్రం దొరకలేదు. మర్నాడు దర్జీగారు కత్తెర కోసమే మళ్ళీ వచ్చారు గానీ, కుర్చీలో కూర్చుంటూనే, “ఆ వంటవాడి మీదే నా అనుమానం,” అన్నారు.

నిచ్చెన కోసం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఫ్యాను కోసం ఉద్యోగం మానేసిన నర్సమ్మ, ఇస్త్రీపెట్టె కోసం భార్య పోయిన లెక్కల మాస్టారు వచ్చారు. అందరికీ ఒకటే జవాబు. “లోపలుంది, తీస్తున్నా. ఈలోగా దర్జీగారికి ఆ పేజీ చదివి పెట్టండి.” ఎలక్ట్రీషియన్ చావుకేకను కూడా మీటరు రీడింగులాగే చదివేవాడు. అయినా దర్జీగారు చెవి పక్కకు తిప్పేవారు కాదు.

“ఈ శాఖ మూసేస్తే నేను మళ్ళీ ఇంట్లో గోడలు వింటూ కూర్చోవాలి బాబూ,” అన్నారు నాతో ఒకసారి.

పరిశీలకుడు చెప్పిన వేళ కన్నా ముందే దిగాడు. గదిలో నేనూ అత్తయ్యా తప్ప పురుగు లేదు.

“సభ్యులేరమ్మా?”

“వస్తారు. వాళ్ళ సామాన్లు నా దగ్గరున్నాయి.”

ఆయన ఫైలు తెరిచి ఏదో రాయబోయాడు. అత్తయ్య వంగి, “ఈ అక్షరాలు మరీ సన్నం. మీ కళ్ళజోడు ఒకసారి ఎరువిస్తారా?” అంది. మర్యాదస్థుడు, ఇచ్చాడు. ఆవిడ దాన్ని సంచిలో వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడే వచ్చిన దర్జీగారు తడుముకుంటూ ఆయన పక్కన కూర్చున్నారు. “కొత్తవారా? మీకూ చూపు లేదా?”

“ఉందండీ. కళ్ళజోడు లేదు.”

“ఆవిడ పట్టుకెళ్ళిందా? అయితే ఇక వినడమే.”

ఇంతలో మెట్ల మీద గోల. “అత్తయ్యగారూ, ఇవాళైనా మా ఫ్యాను ఇస్తారా లేదా?” “నిచ్చెన లేక నా పని ఆగిపోయింది!” ఎవరి తిట్లు వాళ్ళు తిట్టుకుంటూనే ఎవరి పేజీ వాళ్ళు అందుకున్నారు. పరిశీలకుడు కాసేపు కదిలాడు, తర్వాత కదలడం మానేశాడు. మాస్టారు అధ్యాయం ముగించి పుస్తకం మూస్తే, “వంటవాడు కాదేమోనండీ,” అన్నాడు పరిశీలకుడు మెల్లగా.

వెళ్ళేముందు అడిగాడు. “ఆఫీసులో ఇన్ని సామాన్లెందుకమ్మా?”

“ఎండిపోయిన శాఖ కదండీ. ఎరువు వెయ్యకపోతే ఎలా?”

శాఖ కొనసాగించవచ్చని రాశాడు. సంతకం ఎక్కడ పెట్టాలో అత్తయ్యే వేలితో చూపించింది. ఆ తర్వాతే కళ్ళజోడు ఇచ్చింది. నాకు తెలిసి ఆవిడ తిరిగిచ్చిన వస్తువు అదొక్కటే.

అత్తయ్య పోయాక ఆవిడ ఇల్లు సర్దడానికి వెళ్ళాను. తలుపు వెనక నిచ్చెన ఉంది. అలమారలో సొంత ఫ్యాను, ఇస్త్రీపెట్టె, గొడుగులు, ఒకటికి రెండు కత్తెరలు ఉన్నాయి. స్టాప్లర్ కూడా. ఊరంతా తిరిగి ఎరువు అడిగినవన్నీ ఆవిడకు ఇంట్లో ముందునుంచీ సొంతంగానే ఉన్నాయి.

శాఖలో ఉండిపోయిన దర్జీగారి కత్తెర తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టి, ఈ సంగతి చెప్పాను.

“తెలుసు బాబూ,” అన్నారాయన. “ఆ రోజే ఆవిడ సంచిలో కత్తెర చప్పుడైంది. నాకు తెలీని చప్పుడా అది?”

“మరి ఎందుకిచ్చారు?”

“బాగున్నారా అని వస్తే గొళ్ళెం పెట్టేసేవాణ్ణి. కత్తెర కావాలంటే ఎలా పెట్టను? నాతో ఒకరికి పని పడిందన్నమాట కదా.” కత్తెరను రెండుసార్లు ఆడించి, మళ్ళీ నా చేతిలో పెట్టారు. “నీ దగ్గరే ఉండనీ. గురువారం వచ్చి పట్టుకెళ్తాను.”

ఈ మధ్య మా పై వాటాలోకి ఒక పెద్దావిడ ఒక్కర్తీ దిగింది. పలకరిస్తే తలుపు సందులోంచి తలూపి గొళ్ళెం పెట్టేసుకుంటుంది. నిన్న వెళ్ళి తలుపు తట్టాను.

“నిచ్చెన ఉందా అమ్మా?”

తలుపు బార్లా తెరుచుకుంది. ఆవిడ నా భుజం మీదుగా మెట్ల కిందికి తొంగిచూసింది.

“మీ గుమ్మంలో ఉన్నది నిచ్చెన కాదా నాయనా?”

“అది ఎరువు తెచ్చిందండీ,” అన్నాను.