రేపు సార్ వస్తున్నారు

మా చర్చిలో ఆదివారం బడి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని నేను. అబద్ధమాడకూడదని వాళ్ళచేత వల్లె వేయించిన మనిషినే, సోమవారం నుంచి శనివారం దాకా ఆఫీసు ఫోనులో రోజుకొక అబద్ధం చొప్పున మూడు వారాలు ఆడాను. ఇంకా సిగ్గులేని సంగతేమిటంటే, అవసరమొస్తే మళ్ళీ ఆడతాను.

సికింద్రాబాదులో మాదొక చిన్న ప్రభుత్వ ఆఫీసు. కార్ఖానాల్లో పనివాళ్ళకు దెబ్బలు తగలకుండా యజమానులు జాగ్రత్తలు తీసుకుంటున్నారా లేదా అని చూడడం మా పని. అంటే చూసేది మా ఆఫీసరుగారు, చూసినదాన్ని టైపు కొట్టేది నేను. ఉమ్మడి రాష్ట్రం రోజులు, కంప్యూటర్లు ఇంకా మా గడప తొక్కలేదు. పొద్దున్నే నేరేడ్‌మెట్ బస్సులో నలిగి నుజ్జయి వచ్చి కూర్చోగానే నా మొదటి పని ఫోను చెయ్యడం. మర్నాడు సార్ ఏ కార్ఖానాకు తనిఖీకి వెళ్తారో ఆ యజమానికి "రేపు సార్ వస్తున్నారండీ" అని చెప్పాలి. యజమాని చోటు మీద ఉండాలి, రిజిస్టర్లు సిద్ధంగా ఉండాలి, టీ వేడిగా ఉండాలి. ఇదంతా మర్యాద అనుకున్నానే గాని, దీనివల్ల ఎవరికైనా నష్టమని నాకు ఏ కోశానా తోచలేదు.

మా సార్ చెడ్డవారు కారు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, నిల్. పైనుంచి ఏ కాగితం వచ్చినా "నిల్" అని ఉన్న రబ్బరు ముద్ర ఠప్పున కొట్టేవారు. "నిల్ రిపోర్టంత ఆరోగ్యం ఇంకోటి లేదమ్మా. తిరిగి ఎవరూ ప్రశ్నలడగరు" అనేవారు.

అలాంటాయన నెత్తిన ఢిల్లీ నుంచి ఒక లావుపాటి కవరు పడింది. పనిచేసే చోట మనుషుల ఒంటికీ ప్రాణానికీ భద్రత ఎలా ఉండాలో, దేశం మొత్తానికీ కలిపి ఒకే విధానం రాయబోతున్నారట. ముందు కార్మికులనే అడిగి తెలుసుకోండి అని ఆఫీసుకొక ఫారం పంపారు. దాని చివర "కార్మికుల అభిప్రాయం" అని మూడంటే మూడు గీతలు. ఇంత దేశం కష్టసుఖాలకు మూడు గీతలా అని నాకు ఒళ్ళు మండింది. సార్ మాత్రం సంతోషంగా ముద్ర ఎత్తారు, ఎత్తి ఆగిపోయారు. ఒక మగ కార్మికుడి ఎడమ బొటనవేలి ముద్ర, ఒక ఆడ కార్మికురాలి సంతకమో వేలిముద్రో తప్పనిసరి అని కింద రాసి ఉంది.

"రెజిమెంటల్ బజార్‌లో ఆ డబ్బా మూతలు చేసే షాపుంది గదా, మీరే వెళ్ళి ముద్రలు వేయించుకు రండమ్మా. మిగతాది నేను నిల్ కొట్టేస్తా" అన్నారు.

వెళ్తున్నది సార్ కాదు కాబట్టి నేను ఫోను చెయ్యలేదు. ఆ ఒక్క ఫోను చెయ్యకపోవడంతో కథంతా బయటపడింది.

షాపులో యజమాని సేఠ్ లేడు. గుమ్మంలో అడుగు పెట్టగానే దేవుడి పటాల పక్కన అద్దాల బీరువా కనిపించింది. అందులో కళ్ళకు పెట్టుకునే అద్దాలు, చేతి తొడుగులు, రెండు టోపీలు. అన్నిటికీ పసుపూ కుంకుమా. కళ్ళద్దాలకైతే ఒక్కో కంటికి ఒక్కో బొట్టు. వాటి మీద ఎండిపోయిన బంతిపూల దండ.

"ఇవి పెట్టుకోరా?" అని అక్కడున్న పెద్దాయనను అడిగాను. ఆయన్ని షాపులో అందరూ కాక అంటారు.

"దసరాకు పూజ చేసినం గదమ్మా. దేవుని కాడ పెట్టినయి తీసి నెత్తికి చేతులకు తొడుగుతమా? సార్ వచ్చిన నాడు బొట్టు తుడిచి పెట్టుకుంటం. సార్ పోంగనే మల్ల బొట్టు పెట్టి లోపల పెడుతం" అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

ఆయన వెనక ఒకావిడ ప్రెస్సు మిషను ముందు కూర్చుని మూతలు కొడుతోంది. కాలితో పెడల్ తొక్కితే పైనుంచి ఇనుప అచ్చు దబ్బున దిగుతుంది. ప్రతి మూతకూ ఆవిడ చెయ్యి లోపలికి వెళ్ళి వస్తోంది. కాలు ఒక్క క్షణం తొందరపడిందా, అంతే సంగతులు. చూస్తుంటే నా చేతులు వాటంతటవే కొంగులోకి దూరాయి.

"దీనికి అడ్డంగా జాలీ ఉండాలి గదా! 'జాలీ గలదు' అని రిపోర్టులో నేనే టైపు కొట్టానే!" అన్నాను.

ఆవిడ చేతులు ఆపకుండా గడ్డంతో మూలకు చూపించింది. అక్కడ గట్టు మీద టిఫిన్ డబ్బాలు, వాటి మీద బోర్లించి ఇనుప జాలీ.

"పిల్లి తిరుగుతది మేడమ్. జాలీ పెడితే పని నిదానమైతదని సేఠ్ తీపిస్తడు. ఊకె పడుండుడు ఎందుకని మేం డబ్బాల మీద బోర్లిచ్చినం."

ఓరి దేవుడా! అన్నానికున్న కాపలా చేతులకు లేదు. వచ్చిన పని చూసుకుందామని ఫారం తీసి కాక ముందు పెట్టాను. ఎడమ బొటనవేలి ముద్ర వెయ్యమన్నాను. ఆయన ఎడమ చెయ్యి చాపాడు. నాలుగు వేళ్ళే ఉన్నాయి.

"బొటనేలు ఈ మిషిన్‌కే ఇచ్చిన. కుడిచెయ్యిది నడుస్తదా?" అని నవ్వాడు.

ఆయన నవ్వాడు గాని నాకు నవ్వు రాలేదు. మిషను ముందావిడ పెడల్ మీద నుంచి కాలు తీసింది.

"నాకు పువ్వులు కట్టుడంటే పానం మేడమ్. అల్వాల్‌ల మా గల్లీల ఎవరింట్ల పెండ్లయినా పూలజడ నేనే అల్లాలె. కాక ఏలు పోయినప్పటిసంది పొద్దున మిషిన్ షురూ చేస్తుంటే చేతులు వణుకుతున్నయ్. ఒక్కటే రోజు నిమ్మలంగుంటది."

"ఏ రోజు?"

"మీరు ఫోన్ చేసి సార్ వస్తుండని చెప్పిన రోజు. ఆ రోజు పొద్దున్నే జాలీ బిగిస్తరు, సార్ పోంగనే తీస్తరు. జెర మీరు రోజు ఫోన్ చేస్తే ఏమైతది మేడమ్?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. నేను ఇన్నేళ్ళూ చేసిన మర్యాద ఏమిటో అప్పుడు తెలిసింది. జాలీ ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తియ్యవచ్చో యజమానులకు వేళలు చెప్పినదాన్ని నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడను ఇంకోసారి అడిగి, ఆవిడ చెప్పిన మాటే సిరాతో ఆ మూడు గీతల మీద రాశాను: "చెప్పకుండా రండి. చెప్పే వచ్చేటట్టయితే రోజూ చెప్పండి." ఆవిడ కింద సంతకం పెట్టింది. కాక గడి ఖాళీగా వదిలేశాను.

అది చదివి సార్ తల పట్టుకున్నారు. వేరే ఫారం లేదు, సిరా చెరగదు. చివరికి "ఇది కార్మికుల సొంత అభిప్రాయం, ఆఫీసుకు సంబంధం లేదు" అని పక్కన రాసి ఢిల్లీకి పంపేశారు.

మర్నాడు పొద్దున టైపు మిషను మీద గుడ్డ కూడా తియ్యకుండా డబ్బా మూతల సేఠ్‌కు ఫోను చేశాను. "రేపు సార్ వస్తున్నారండీ."

"అచ్ఛా మేడమ్, రమ్మనుండ్రి" అన్నాడు.

ఆ పై రోజు, షాపు కట్టేసే వేళకు మళ్ళీ చేశాను. "మీటింగు పడిందండీ, రేపు తప్పకుండా వస్తున్నారు." ఆ తర్వాత సార్‌కు జలుబు చేయించాను. స్కూటరుకు పంక్చరు వేయించాను. ఎన్నడూ లేని బావమరిదిని ఆయనకు పుట్టించి రైలెక్కించడానికి స్టేషనుకు పంపాను. ప్రతిసారీ "రేపు తప్పకుండా" అంటూనే ఉన్నాను. ఆదివారం బడిలో ఆజ్ఞల పాఠం వచ్చినప్పుడు మాత్రం పిల్లల మొహం చూడలేక, ఈ వారం పాటలు పాడుకుందాం అన్నాను.

మూడో వారం చివర సేఠ్ స్వయంగా మా ఆఫీసుకొచ్చాడు. చేతిలో మిఠాయి డబ్బా, మొహాన నెత్తురు చుక్క లేదు.

"సార్, నేనేం తప్పు చేసిన్నో చెప్పుండ్రి. రోజు సమోసాలు తెప్పిస్తున్న, చాయ్ చెప్తున్న. మీరొస్తలేరు. అయన్నీ నా పనోళ్ళే తినవట్టె. పరేషాన్ అయిపోతున్న సార్, బీపీ సుత పెరిగింది!"

సార్ నా వంక చూశారు. నేను టైపు మిషను వంక చూశాను. తనకు తెలియని సంగతి తన ఆఫీసులో ఒకటుందని బయటివాడి ముందు ఒప్పుకోవడం సార్‌కు చచ్చినా ఇష్టం ఉండదు. ఆయన గొంతు సవరించుకుని, "వస్తా. ఎప్పుడొస్తానో ఇకమీదట చెప్పను" అన్నారు గంభీరంగా. సేఠ్ మిఠాయి డబ్బా చంకలో పెట్టుకునే వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకోగానే సార్ విరుచుకుపడ్డారు. "నా పేరు చెప్పి ఫోన్లు చేస్తారా? సస్పెండ్ చేయిస్తే ఏమవుతుందో తెలుసా?"

నా నోరు ఊరుకునే రకం కాదు. "చేయించండి సార్. ముందు ఆ కాకకు బొటనవేలు తెప్పించండి, తర్వాత నన్ను చేయించండి. 'జాలీ గలదు' అని మీరు చెబితే నేను కొట్టాను. జాలీ టిఫిన్ డబ్బాల మీద ఉంది!" అనేసి, గదిలోంచి బయటపడి మంచినీళ్ళ కుండ దగ్గర ఏడ్చాను. ఆ ఉద్యోగం పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అది అరిచాక గాని గుర్తు రాలేదు.

మర్నాడు సార్ పదకొండింటికి గాని రాలేదు. వచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"ఎవరికీ చెప్పకుండా వెళ్ళానమ్మా ఆ షాపుకు. సర్వీసులో ఇదే మొదటిసారి. సేఠ్ లేడు, కుర్చీ వేసినవాడు లేడు, కనీసం టీ ఇచ్చినవాడు లేడు!"

"జాలీ, సార్?"

"ఉంది. రోజూ బిగించీ విప్పీ బోల్టుల మరలు అరిగిపోయాయట. సేఠ్ విసుగెత్తి వెల్డింగ్ కొట్టించేశాడు. ఇక తియ్యాలన్నా రాదు. పిల్లికి మాత్రం డబ్బాల మీద బండ పెట్టుకున్నారు."

సస్పెన్షను మాట ఆయన ఎత్తలేదు, నేను గుర్తు చెయ్యలేదు. ఆ రోజు నుంచి తనిఖీకి ముందు ఫోను చెయ్యమని కూడా ఎన్నడూ చెప్పలేదు.

కొన్ని నెలలకు ఢిల్లీ నుంచి మా ఫారం తిరిగొచ్చింది. మేం రాసిన మూడు గీతల గురించి ఒక్క ముక్క లేదు. పక్కన ఎర్ర సిరాతో ఆక్షేపణ మాత్రం ఉంది: "మగ కార్మికుడి ఎడమ బొటనవేలి ముద్ర లేదు. కారణం తెలుపవలెను."

సార్ అలవాటుగా నిల్ ముద్ర ఎత్తారు. దాన్ని కాసేపు చూసి సొరుగులో పెట్టేశారు. "వెళ్ళి కారణం రాయించుకు రండమ్మా" అన్నారు నెమ్మదిగా.

షాపులో ఎర్ర సిరా మాట చదివి వినిపిస్తే కాక పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఢిల్లీల సుత నా ఏలు దేవులాడుతున్నరా!" అన్నాడు. చదువొచ్చింది ఆవిడకే కాబట్టి ఆవిడే జాలీ వెనక నుంచి లేచి వచ్చి, కొంగుకు చేతులు తుడుచుకుని రాసింది: "కాక ఏలు మిషిన్‌ల పోయింది. అప్పుడు జాలీ లేకుండె. ఇప్పుడున్నది. అందరికి ఉండాలె." రాస్తున్నప్పుడు ఆ చెయ్యి వణకలేదు. నేను కావాలనే చూశాను.

ఆ కాగితం ఢిల్లీలో ఏ బీరువాలో పడి ఉందో నాకు తెలియదు. బయల్దేరుతుంటే ఆవిడ టిఫిన్ సంచిలోంచి తడిగుడ్డలో చుట్టిన మల్లెపూల దండ తీసి నా చేతిలో పెట్టింది. "పొద్దున నేనే కట్టిన మేడమ్. రేపు ఐతారం గదా, పెట్టుకోండ్రి" అంది.

మా అమ్మకు చర్చికి పూలు పెట్టుకొచ్చే ఆడవాళ్ళంటే గిట్టదు. దేవుడి దగ్గర ఆర్భాటమేమిటంటుంది. ఆదివారం ఇంట్లోంచి కొంగు కప్పుకుని బయటపడ్డానే గాని, చర్చి బెంచీ మీద కూర్చోగానే అమ్మ వాసన పట్టేసింది.

"ఏంటే ఆ మూరెడు పూలు? తియ్యి ముందు!" అని మోచేత్తో పొడిచింది.

"పది వేళ్ళతో కట్టినవమ్మా. తియ్యను" అన్నాను.

అమ్మకేమీ అర్థం కాలేదు. ఇంకా ఏదో అనబోయింది గాని, ఇంతలో పాట మొదలైంది కాబట్టి బతికిపోయాను.