గవాచి మీది బండ

మొన్న మా కోడలు గాలిని శుభ్రం చేసే యంత్రమొకటి తెచ్చి కర్నూలులో మా ఇంటి హాల్లో పెట్టింది. నేను వంటింట్లో తాలింపు వేస్తే చాలు, దానికి ఎర్రదీపం వెలిగి రొద మొదలవుతుంది. వెలగనీలే అని వదిలేశాను. ఈ వయసులో ప్రతిదానికీ విసుక్కునే ఓపిక కూడా లేదు. కానీ ఆ రొద విన్నప్పుడల్లా కోడుమూరు దగ్గర మా పల్లెలోని మట్టిమిద్దె, అందులో దగ్గుతూ వంట చేసే మా అమ్మ గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటుంది.

పంతొమ్మిదివందల యాభైలలో మాట. మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ మిద్దెలకు కిటికీలుండేవి కావు. పొయ్యికి పైన కప్పులో జానెడు బొక్క, దాన్నే గవాచి అనేవాళ్లం, వెలుతురు రావడానికైనా పొగ పోవడానికైనా అదొక్కటే దిక్కు. చినుకు పడితే నిచ్చెనెక్కి దానిమీదికి బేతంచెర్ల బండముక్క జరపడం నా పని. అయితే నాయన తల్లి, మా జేజి, వాన లేకున్నా పొయ్యి ముట్టించగానే ఆ బండ మూయించేది. దూలాలకు వేలాడదీసిన విత్తనపు జొన్నకంకులకు పొగ పట్టాలని, పట్టకపోతే పురుగు పడుతుందని ఆమె పట్టు. రెండేళ్లు వరుసగా పంట పోయిన ఇల్లు మాది, గింజ అంటే ప్రాణం. ఆమెను మాత్రం ఏమనగలం!

ఆ కందికట్టె పొగలో అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకొని, సంగటి గెలుకుతూ దగ్గేది. రానురాను ఆ దగ్గు వంటింటి గడప దాటి చేనిదాకా ఆమె వెంటే పోవడం మొదలైంది. నెలలో బయట కూర్చునే మూడు రోజులే ఆమె తెరిపిగా ఊపిరి పీల్చుకునేది. ఆ మూడు రోజుల కోసం ఎదురుచూసిన ఆడమనిషిని నేను మా అమ్మనొక్కదాన్నే చూశాను. అప్పుడు వంట జేజిదే. ఆమె కూడా కళ్లు తుడుచుకుంటూనే వండేది, బండ మాత్రం తీయనిచ్చేది కాదు.

ఒకనాడు అమ్మ దగ్గి దగ్గి పొయ్యి పక్కనే ఒరిగిపోతే నాయనకు ఒళ్లు మండి, తానే మిద్దెక్కి బండను పక్కకు లాగేశాడు. జేజి ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ ఎండాకాలమంతా పొగ దారిన పొగ పోయింది, అమ్మ ముఖం తేటపడింది, వంట చేస్తూ కూనిరాగం కూడా తీసేది. ఎన్నాళ్లు! విత్తే వేళకు కంకులు దించి నలిపితే సగానికి సగం పుచ్చు, గుప్పెట్లోంచి పిండి రాలింది. జేజి చేట తెచ్చుకొని మంచి గింజలు ఏరడానికి కూర్చుంది. అమ్మే నా వైపు తిరిగింది.

"పోయి ఆ బండ మూసిరాపో పాపా. నా దగ్గు నాతోనే పోతాది, ఇత్తనం పోతే యాడ తెస్తాం?"

నేను నిచ్చెనెక్కి మూసి వచ్చాను.

ఇప్పుడు విత్తనాలు అంగట్లో సంచులతో దొరుకుతున్నాయి, మా పల్లెలో మట్టిమిద్దెలే లేవు, వంటింట్లో కాస్త పొగ వస్తే మనవరాళ్లు ఇల్లెగిరిపోయేలా కేకలేస్తారు. వేయనీ, వినడానికి నాకు హాయిగానే ఉంటుంది. అమ్మ మాత్రం పోయేదాకా దగ్గుతూనే ఉంది. నా పెళ్లయ్యేదాకా పొద్దూ మాపూ ఆ బండ జరిపింది నేనే. ఒక్క పూటైనా, మూయనుపో అని మొండికేసి ఉండాల్సింది.