చెంబెడు తేట నీళ్ళు

వేసవిలో కట్టేసిన కాలువలకు మళ్ళీ నీళ్ళు వదిలిన రోజులు. రాజమండ్రి ల్యాబ్ నుంచి నిడదవోలు ఇంటికి వస్తుంటే, గోదావరి వంతెన మీద రైల్లో గాలి తగలగానే ఒళ్ళంతా వణుకు పుట్టింది. ఈ ఉక్కలో వణుకేంటని నవ్వుకున్నాను. ఇల్లు చేరేసరికి ఆ నవ్వు మిగల్లేదు.

జ్వరం సాయంత్రాలు పెరిగేది, పొద్దున్నకి కాస్త తగ్గేది. అన్నం పేరెత్తితే కడుపులో తిప్పేది. అయినా మాత్రలు మింగి మరీ ల్యాబ్‌కు వెళ్ళాను. చివరికి మెట్లెక్కలేక కూలబడితే బ్లడ్ కల్చర్ చేయించారు.

"టైఫాయిడ్ అమ్మా. ఏం చేస్తుంటారు?" అన్నారు డాక్టర్‌గారు. నీళ్ళలోని బ్యాక్టీరియా మీద పరిశోధన అన్నాను. ఆయన నవ్వారు గానీ, పక్కనున్న మా అత్తయ్యగారు నవ్వలేదు.

"ఆ పురుగులు పెంచే చోటే అంటుకుంది. తగ్గాక ఇంక అటు వెళ్ళొద్దమ్మా," అన్నారావిడ. మావారూ తలూపారు. జ్వరం కంటే ఆ తలూపడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. పీహెచ్‌డీ సగంలో ఉంది. నేను పెంచేవి టైఫాయిడ్ క్రిములు కావని ఎంత చెప్పినా ఇద్దరూ వినలేదు.

సిప్రోఫ్లాక్సాసిన్ కోర్సు పూర్తయింది, జ్వరం దిగింది. అత్తయ్యగారు లోటు చేశారంటే నా కళ్ళు పోతాయి. పథ్యం, మెత్తటి అన్నం, కాచి చల్లార్చిన నీళ్ళు. లేచి తిరుగుతున్నానని సంతోషపడేలోపే మళ్ళీ అదే వణుకు.

"రిలాప్స్, అంటే జ్వరం తిరగబెట్టింది. కొందరికి వస్తుంది, అడ్మిట్ అవ్వండి," అన్నారు డాక్టర్‌గారు. ఈసారి సెలైన్, సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు. దువ్వితే జుట్టు కుచ్చులుగా ఊడొచ్చేది. ఒక మధ్యాహ్నం గోడవైపు తిరిగి బాగా ఏడ్చాను. ఏడుపు తీరాక మాత్రం గట్టిగా అనుకున్నాను, పరిశోధన మానేది లేదని.

ఇంటికొచ్చాక మంచం మీంచి వంటిల్లు కనిపించేది. ఒకరోజు అత్తయ్యగారు నీళ్ళు కాచారు, చల్లార్చారు, ఆపైన మట్టికుండలోంచి ఓ చెంబెడు తీసి వాటిలో కలిపారు.

"అదేంటండీ, అత్తయ్యగారూ?"

"కాచినవి చప్పగా ఉంటాయి కదమ్మా. ఇవి కలిపితే నోటికి హితవుగా ఉంటాయి. ఇండుపగింజ అరగదీసి తేర్చిన కాలువ నీళ్ళే, చూడు, అద్దంలా లేవూ?"

అద్దంలాగే ఉన్నాయి. కాలువ నీళ్ళలో ఎర్రమట్టి ఇండుపగింజకు అడుక్కి దిగుతుంది గానీ, క్రిములన్నీ దిగవు. మాటలతో చెప్పేకంటే చూపించడమే మేలనిపించింది. మురుగు కలిసిన నీళ్ళలో ఉండే బ్యాక్టీరియా దగ్గర ఒక ఎంజైమ్ ఉంటుంది. మేము వేసే రంగులేని మందును అది విడగొడితే నీళ్ళు పసుపురంగుకి మారతాయి. నా పరిశోధన ఆ ఎంజైమ్ మీదే. మావారి చేత ల్యాబ్ నుంచి మందు వేసిన సీసాలు తెప్పించాను. ఒకదాంట్లో ఒట్టి కాచిన నీళ్ళు, రెండోదాంట్లో చెంబెడు కలిపినవి, అత్తయ్యగారి చేతే పోయించాను. ఆ ఉక్కకి వంటింటి గట్టే క్రిములు పెరిగే ఇంక్యుబేటరయింది. మర్నాటికి మొదటి సీసా అలాగే ఉంది, రెండోది పసుపు కలిపినట్టయింది.

ఆవిడ రెండు సీసాలూ వెలుగుకి పట్టి చూశారు. "నేను నీకు పట్టించింది ఇదా?" అన్నారు. రెండోసారి జ్వరం దీనివల్లే వచ్చిందని చెప్పలేమని, రిలాప్స్ దానంతటదే కూడా వస్తుందని అన్నాను. అది నిజం కూడా. ఆవిడ వినిపించుకోకుండా కుండ బోర్లించేశారు.

పోయిన బరువూ, జుట్టూ తిరిగొచ్చాయి. పీహెచ్‌డీ పూర్తయింది, అదే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. నేను చెప్పదలచింది ఒక్కటే. తేటగా ఉన్నాయని నీళ్ళను నమ్మకండి, కాచిన నీళ్ళలో కాచనివి చెంబెడైనా కలపకండి.

ఒంట్లో నలతగా ఉందని నేను ఎప్పుడైనా బద్ధకించినా అత్తయ్యగారు ఊరుకోరు. వీధిలో వాళ్ళ నీళ్ళన్నీ పరీక్షకని సీసాలకెత్తి, నా సంచిలో సర్ది గుమ్మంలో నిలబడతారు.

"లేమ్మా, రైలు టైమవుతోంది. నీ పురుగులు నీకోసం చూస్తుంటాయి."