పులిచారల సబ్బు

స్వరాజ్యం వచ్చిన కొత్తలో అంబాజీపేటలో ఒక పులి పుట్టింది. దాన్ని కన్నది నేనే. అది నా కొంప ఎలా ముంచబోయిందో చెబుతాను. నవ్వండి గానీ, పళ్ళు రాలితే నా పూచీ లేదు.

మా ఆయన పోయిన ఏడాది, ఆయన అన్నగారు నా గుమ్మంలో నిలబడి తేల్చేశారు. "ఒంటరిదానివి, నీకో పొయ్యెందుకమ్మా వీరమ్మా? మా ఇంటికొచ్చి వండిపెడుతూ పడుండు."

"కొబ్బరినూనెతో సబ్బులు పోసుకుని బతుకుతాను బావగారండి."

"నువ్వా! సరే, ఓసారి పోసి చూడు. చెడిందా, మూట కట్టుకో."

"ఆయ్, అలాగేనండి" అన్నాను. చచ్చినా నా పొయ్యి ఆర్పకూడదని లోపల ఒట్టేసుకున్నాను.

నూనెలో కాస్టిక్ సోడా నీళ్ళు పోసి, చిక్కబడేదాకా కలుపుతూనే ఉండాలి. కలిపాను, కలిపాను, చెయ్యి పడిపోయింది. అప్పుడు పుట్టింది తెలివి. పసుపు వేస్తే సబ్బు బంగారంలా ఉండదూ? పసుపు రాసుకునే రాత నాకు పోయింది గానీ సబ్బుకి పోలేదు కదండీ! గుప్పెడు కుమ్మరించి, పప్పుచారులా నాలుగు తిప్పులు తిప్పి, కొబ్బరి చిప్పల్లో పోసేశాను.

తెల్లారి చిప్ప బోర్లిస్తే ఏముంది! సోడా తగిలినచోట పసుపు ఎర్రబడింది, తగలనిచోట పచ్చగానే ఉండిపోయింది. చుట్టూ వలయాలు, మధ్యలో చారలు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారు. నా సబ్బు ఎవర్ని చూసి పెట్టుకుందో!

పక్కింటి సూరమ్మ దూరంగా జరిగింది. "కరుస్తుందేంటే?"

అంతలో బావగారు దిగేరు. "ఇది సబ్బా, పులిపిల్లా?"

"రంగుదేముందండి, మురికి వదలాలి గానీ!" అంటూ ఆయన భుజం మీది తెల్ల కండువా లాగి, తడిపి, రుద్దాను. ఎర్రచారలు తేలాయి.

"ఓసి నీ..."

"ఇంకోసారి రుద్దితే పోతాయండి." రుద్దాను. పోలేదు సరికదా, పిల్లల్ని పెట్టాయి.

"ఆపవమ్మా!"

"వస్తున్నాయండి, దారికొస్తున్నాయి!" మళ్ళీ రుద్దాను. కండువా మొత్తం పులితోలైంది.

తల వంచాను. "ఓడిపోయానండి. మూట కట్టుకుంటాను. రేపట్నుంచి మీ ఇంటిల్లిపాది బట్టలూ నేనే ఉతుకుతాను."

బావగారు రెండు చేతులూ తన పంచె మీద వేసుకుని వెనక్కి నడిచారు. "వద్దు తల్లీ! నీ పొయ్యి నీది, నీ సబ్బు నీది. మా గుమ్మం తొక్కకు, నీకు పుణ్యముంటుంది!"

అలా గెలిచాను. సూర్యచంద్రుల సాక్షిగా ఇదే నా ప్రమాణం: పసుపు పులుసులోకే గానీ సబ్బులోకి వెయ్యను. కుడిచెయ్యి పడిపోతే ఎడంచేత్తో కలుపుతాను. బావగారు మళ్ళీ రమ్మంటే మాత్రం ఈ పసుపు ఒట్టు తీసి గట్టున పెడతాను.