ఒరిజినల్ పాస్‌పోర్టు

హన్మాండ్లు పదకొండేళ్లుగా సౌదీలోని యాన్బు చమురు రిఫైనరీల్లో ఇనప పైపులతో స్కాఫోల్డింగ్ కడుతున్నాడు. సొంతూరు నిర్మల్ దగ్గర. భార్య కామెర్లతో పోయి రెండేళ్లయింది. తొమ్మిదేళ్ల కూతురు ఊర్మిలను అతని చెల్లెలు పుష్ప పెంచుతోంది.

ఆ పిల్లకు గుండెలో రంధ్రం. ఆగస్టులో ఒక సోమవారం హైదరాబాదులో ఆపరేషన్ అన్నారు. తల్లి లేదు కనుక తండ్రే సంతకం పెట్టాలి. రాలేకపోతే ఆ హక్కు మేనత్తకు ఇస్తున్నట్టు భారత కాన్సులేటు ముద్రతో కాగితం పంపాలి. హన్మాండ్లు సెలవు అడిగాడు. రిఫైనరీ ఆపి చేసే షట్‌డౌన్ మరమ్మతులు నడుస్తున్నాయి, నెల దాకా ఎవరినీ వదలం అన్నారు.

క్యాంపులో పక్క మంచం మస్తాన్ వలీ కడప నుంచి వచ్చిన డ్రైవరు. కాన్సులేటు వాళ్లు జెద్దా నుంచి ఈ శుక్రవారం యాన్బుకే వస్తున్నారని అతనే కనుక్కున్నాడు. ఫోన్లో పదీ ఇరవైకి స్లాటు తీసి, షరతులు చదివి వినిపించాడు. రుసుము అక్కడే కార్డుతో కట్టాలి. టైము దాటితే స్లాటు పోతుంది. సౌదీలో ఉండేందుకిచ్చే ఇకామా కార్డు, పాస్‌పోర్టు రెండూ ఒరిజినల్ చూపాలి, జిరాక్సులు చెల్లవు. ముద్ర పడితే శనివారం హైదరాబాదు పోతున్న ఒకాయన చేతికి ఇచ్చి పంపొచ్చు.

పాస్‌పోర్టు మాత్రం జెద్దాలో, కంపెనీ బీరువాలో ఉంది.

గురువారం పొద్దున్నే ఇద్దరూ బండిలో జెద్దా వెళ్లారు. కంపెనీ కాగితాలు చూసే మందూబ్, క్యాంపు బాసు ఉత్తరం లేకుండా ఇవ్వనన్నాడు, ఆదివారం రమ్మన్నాడు. హన్మాండ్లు వాదించలేదు. నీలిబారిన పెదాలతో ఉన్న ఊర్మిల ఫోటో ఫోన్లో తెరిచి, గది గుమ్మం పక్కనే నేలమీద కూర్చున్నాడు. జనం అతన్ని దాటుకుంటూ పోయారు. సాయంత్రపు అస్ర్ నమాజు తర్వాత మందూబ్ విసుగ్గా, ఆదివారంలోగా తిరిగి తెస్తానని రాయించుకుని పాస్‌పోర్టు ఇచ్చాడు. దారి పొడుగునా హన్మాండ్లు చొక్కా జేబు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

శుక్రవారం కౌంటరు దగ్గర ఉన్న మేడమ్ ఇకామా చూసింది, కాగితం చూసింది. పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పేజీ తిప్పి ఆగిపోయింది. దాని గడువు జూన్‌లోనే అయిపోయింది. కిందటిసారి సెలవు నుంచి వచ్చి కంపెనీకి అప్పగించాక హన్మాండ్లు దాన్ని మళ్లీ కళ్లతో చూడలేదు.

ఫోటో చూడండి, అది నేనే అని తనకొచ్చిన హిందీలో బతిమాలాడు. మీరేనని తెలుస్తూనే ఉంది, కానీ గడువు తీరినదాని మీద ముద్ర వెయ్యలేను అందామె. అర్జెంటుగా కొత్తదానికి దరఖాస్తు తానే నింపింది. అయినా పది రోజులు పట్టవచ్చంది.

బయటికొచ్చి గోడ నీడలో నిలబడి చెల్లెలికి ఫోన్ చేశాడు.

"అన్నా, గీ తారీఖు పోతే మల్ల ఎప్పుడిస్తరో తెల్వదంటున్నరు," అంది పుష్ప.

"డాక్టరు సారు కాళ్లు పట్టుకో పుష్పా. ఈడ నేను ఎవ్వల కాళ్లు పట్టుకోవాల్నో సమజైతలేదు."

ఆ సోమవారం ఇంకో పిల్లకు వెళ్లిపోయింది. బుధవారం ఊర్మిలకు ఆయాసం ఎక్కువై ఆక్సిజన్ పెట్టారు. పుష్ప ఫోన్ పిల్ల నోటి దగ్గర పెట్టేది. మాటలుండేవి కావు, ఊపిరి చప్పుడే. ఒకరోజు నలభై అడుగుల ఎత్తున హన్మాండ్లు బెల్టు కొక్కెం తగిలించుకోకుండా నిలబడి ఉంటే ఫోర్‌మన్ చూసి దించేశాడు. "అన్నా, నువ్వు పడితే ఆ పాపకి ఎవురుండారు?" అన్నాడు మస్తాన్ వలీ. ఆ రోజు నుంచి మస్తాన్ వలీ డ్యూటీ దిగగానే వచ్చి అతని చేత అన్నం తినిపించేవాడు.

కొత్త పాస్‌పోర్టు పన్నెండో రోజున జెద్దాలో చేతికొచ్చింది. అక్కడే ముద్ర వేయించుకుని, విమానాశ్రయంలో హైదరాబాదు విమానం వరుసలో నిలబడ్డ ముక్కూమొహం తెలియని ముగ్గురిని అడిగాడు. మూడో ఆయన కాగితం తీసుకున్నాడు.

కాగితం అందాక డాక్టర్లు ఇంకో తారీఖు ఇచ్చారు. ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. పిల్ల రెండు రోజులు కళ్లు తెరవలేదు. మూడో రోజు మధ్యాహ్నం పుష్ప ఫోన్ వచ్చింది. ఎత్తితే సన్నటి గొంతు.

"బాపూ, గీడ ఇడ్లీల ఉప్పు ఎయ్యరు."

హన్మాండ్లు పైపుల మధ్యే కూలబడి, పక్కవాళ్లు చూస్తున్నా ఆపుకోకుండా ఏడ్చాడు.