రాహుకాలంలో ఆగిపోయిన మెయిలు

మొన్న ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో వస్తుంటే, పక్కన కూర్చున్న మా చెల్లెలి కూతురు ఫోను పైకెత్తి, కిటికీ దగ్గర పెట్టి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని ఒకటే నస. ఎవరికో పంపిన మెయిలు వెళ్ళడం లేదట. "ఔట్‌బాక్స్‌లోనే కూర్చోనుంది పెద్దమ్మా, కదల్లే" అని అది మూతి ముడుచుకుంటే నాకు నవ్వొచ్చింది గానీ, ఆ వెంటనే నా పాత రోజులు గుర్తొచ్చాయి. సిగ్నలు వస్తే అదే పోతుందిలే అని చెప్పి ఊరుకున్నాను. కదలని ఉత్తరం ముందు కూర్చోవడమంటే ఏమిటో దానికేం తెలుసు! టెలిఫోను లైను మీద మోడెం కీచుమని అరవడం విన్న నా ఈడువాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, మీకు చెప్పుకుంటాను.

మా నాయన నంద్యాలలో మిషన్ బళ్ళో పంతులు. నాకూ పంతులమ్మనే కావాలని ఆశ. డిగ్రీలో లెక్కలు చదివి, ఆ పైన ఒక కంప్యూటర్ కోర్సు కూడా నేర్చుకుని, బడి ఉద్యోగం వచ్చేలోగా కాలక్షేపానికని ఒక ఆఫీసులో చేరాను. ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కించే ఒక పెద్దాయన ఆఫీసు అది. చెక్కడం ఆళ్ళగడ్డలో, ఊరూరి దేవస్థానాలతో ఉత్తర ప్రత్యుత్తరాలు నంద్యాలలో ఒక మేడమీద గదిలో. మెయిళ్ళు అప్పుడప్పుడే వస్తున్న కాలం కాబట్టి, ఆ యంత్రం మాట వినేలా చేసే మనిషి కావాలని నన్ను పెట్టుకున్నారు. కాలక్షేపం అనుకున్నానా, పదేళ్ళు దాటినా ఆ మేడమీద గదిలోంచి బయటపడలేకపోయాను.

నా పని ఏమిటంటే, ఆళ్ళగడ్డ కంప్యూటర్లో రాసిన మెయిళ్ళన్నీ ఫోను లైను మీద మా నంద్యాల కంప్యూటర్‌కు వచ్చి పడేవి. అక్కడ ఒక ప్రోగ్రాం వాటిని వరుసలో నిలబెట్టి, లైను దొరికినప్పుడు ఒక్కసారిగా బయటికి పంపేది. ఆ ప్రోగ్రాంకు ఎప్పుడు ఫోను కలపాలో, ఎవరి ఉత్తరం తీసుకోవాలో, ఎక్కడికి తోయాలో అన్నీ ఒక సెట్టింగుల ఫైల్లో రాసిపెట్టాలి. ఒక చుక్క తప్పిపోతే ఉత్తరాలన్నీ తిరిగొచ్చి మన మొహానే పడతాయి. నాకు నేర్పే దిక్కు లేదు, కళ్ళు కాయలు కాచేలా చదువుకుని, రాసి, చెరిపి, మళ్ళీ రాసి, మొదటిసారి క్యూ ఖాళీ అయిందని తెర మీద కనిపించినప్పుడు కుర్చీలోంచి లేచి గంతేశాను. ఆ సంతోషమే నా మెడకు చుట్టుకుంది. ఆ ఫైలు నాకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు కాబట్టి నేను కదలడానికి లేదు. మానేస్తానని ఎప్పుడు నోరు తెరిచినా పెద్దాయన నవ్వేసి, "నువ్వు పోతే మెయిళ్ళు ఎట్ల పోతాయి పాపా?" అనేవాడు. ఆ ప్రేమ చూసి ఏం జవాబు చెప్పగలం, చెప్పండి!

నేను చేరిన కొత్తల్లోనే ఒక అమ్మవారి విగ్రహం, అంతా అయిపోయి కళ్ళు దిద్దడం ఒక్కటే మిగిలి ఉండగా, భుజం నుంచి నడుం దాకా నెర్రె విచ్చింది. రాయి పగిలితే శిల్పులకు ఇంట్లో మనిషి పోయినంత దుఃఖం. ఆ రోజు పెద్దాయన తల పట్టుకుని కూర్చుని, ఆ పని ఒప్పుకున్న మెయిలు ఏ వేళకు పోయిందో నన్ను చూడమన్నాడు. చూస్తే రాహుకాలం. "ఇంగ మీదట రాహుకాలంలో ఒక్క మెయిలు గూడా పోగూడదు పాపా" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. నేను ఆ సాయంత్రమే గోడమీది క్యాలెండరు చూసి, ఏ వారానికి ఏ వేళో ఆ ఫైల్లో రాసేశాను. ఆ వేళ రాగానే మెయిళ్ళకు రైలు గేటులాగా గేటు పడుతుంది, వేళ దాటాకే లేస్తుంది. ఇంటికొచ్చి చెబితే మా అమ్మ, "చర్చికి పోయే మనకు రాహుకాలమేందే!" అని పకపకా నవ్వింది. మా నాయన మాత్రం నవ్వలేదు. "మనం నమ్మకపోతే పాయ. ఆయప్ప నమ్మకాన్ని మనం తొక్కగూడదు తల్లీ" అన్నాడు. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది.

ఇక నా ఉత్తరం ఆగిపోయిన శుక్రవారం సంగతి. తిరుపతిలో ఒక ఆడపిల్లల కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉద్యోగానికి పోయి మాట్లాడి, ఒక పాఠం చెప్పి చూపించి వచ్చాను. ఆ పిల్లల ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడిన ఆ కాసేపూ నా ప్రాణానికి ఎంత హాయిగా ఉండిందో! తర్వాత గాలీవానకు మా లైను చచ్చిపోయి, శుక్రవారం పొద్దున గానీ ప్రాణం పోసుకోలేదు. లైను రాగానే కాలేజీ వాళ్ళ మెయిలు వచ్చి పడింది. ఉద్యోగం నాదే, కానీ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపల ఒప్పుకుంటున్నట్టు జవాబు రాయాలి, లేకపోతే తర్వాతి మనిషిని పిలుస్తారట. గబగబా జవాబు కొట్టి, తప్పులు దిద్ది పంపేసరికి, తెర మీద అది వరుసలో చేరి నిలబడిపోయింది. గడియారం చూశాను. పదిన్నర దాటింది. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. నేను కట్టిన గేటు నా మీదే పడింది.

బయటికి పరుగెత్తి ఏ నెట్ సెంటరులోనైనా పంపుదామా అంటే, మా మెట్లు దిగేది కింది షట్టరు లోపలికి. మా ఆఫీసు గుమాస్తా అన్న బ్యాంకుకు పోయేటప్పుడు, "షట్టరేసి పోతాండామ్మా, ఆడమనిషివి ఒక్కదానివే ఉండావు గదా" అని బయట తాళం వేసుకుపోవడం రోజూ ఉన్నదే, అప్పుడూ వేసుకునే పోయాడు. ఆ రోజు దాకా దాన్ని జాగ్రత్త అనుకున్నాను. కాలేజీకి ఫోను చేద్దామంటే దానికి ఎస్టీడీ తాళం, పై ఊళ్ళకు కలవదు. కిటికీలో నుంచి కేకేస్తే కింద శ్రీనివాస సెంటరు రొదలో వినేదెవరు? పెద్దాయన అహోబిలం దర్శనానికి పోయాడు. కుడితిలో పడ్డ ఎలుక లాగా ఆ గదిలో అటూ ఇటూ తిరిగాను.

గేటు ఎత్తడం నా చేతిలో పనే, ఫైల్లో ఒక్క పంక్తి చెరిపితే చాలు. కానీ ఎత్తితే వరుసలో ఉన్నవన్నీ పోతాయి. నా ఉత్తరానికి ముందు, కాసేపటి క్రితమే ఆళ్ళగడ్డ నుంచి వచ్చి నిలబడి ఉన్నది పెద్దాయన ఉత్తరం. ఒక గుడికి నిలువెత్తు నరసింహస్వామిని చెక్కడానికి ఒప్పుకుంటూ రాసినది. దాన్ని పక్కకు తీసిపెట్టి మళ్ళీ చేర్చడం నాకు రాదు, నా ఒక్కదాన్నే విడిగా పంపే ఉపాయం ఉందని అప్పటికి తెలియదు. ఆ వేళలో అది పోయి, రేపు ఆ రాయి కూడా విచ్చితే? నాకు నమ్మకం లేదు సరే, ఆయన మొహం ఎలా చూడను? మీట మీద వేలు పెట్టి తీశాను, మళ్ళీ పెట్టి తీశాను. దేవుడా, నాకెందుకీ శిక్ష అని పైకే ఏడ్చాను. చివరికి కుర్చీలో కూలబడి, తెర మీద కదలకుండా నిలబడిన ఆ రెండు ఉత్తరాలనూ చూస్తూ ఉండిపోయాను.

పన్నెండు దాటాక మోడెం కీచుమంది. ముందు నరసింహస్వామి వెళ్ళాడు, వెనక నేను వెళ్ళాను. సాయంత్రానికి కాలేజీ వాళ్ళు ఎంతో మర్యాదగా రాశారు, ఇంకొకరికి మాట ఇచ్చేశామని. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండిపడాలో తెలియక ఇంటికొచ్చి అమ్మ మీద విసుక్కున్నాను. ఆ తర్వాత బడి ఉద్యోగానికి వయసు దాటిపోయేదాకా ఆ గదిలోనే ఉన్నాను.

ఆ సంగతి ఇన్నేళ్ళూ పెద్దాయనకు చెప్పలేదు. మొన్న మేము ఆళ్ళగడ్డ పోయింది ఆయన్ని చూడటానికే. మంచం పట్టాడు, అయినా మాట గట్టిగానే ఉంది. నా తల నెరిసినా ఆయనకు ఇంకా పాపనే. మాటల్లో ఆ నరసింహస్వామి ఊసు వచ్చింది, ఎంత చక్కగా కుదిరాడో చెప్పుకుని మురిసిపోయాడు. రాయి విచ్చలేదంటే నా పుణ్యం కూడా కొంత ఉందిలెండి అని, నవ్వుతూనే ఆ శుక్రవారం కథంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. "మెయిల్దేముంది పాపా? ఆ గుడోళ్ళు ముందురోజే వచ్చి తాంబూలం ఇచ్చి పోయిరి. మంచి గడియ జూసి ఆపొద్దే మాటిచ్చేసినా. మెయిలు ఉత్త కాయితం" అన్నాడు.

మరి రాహుకాలంలో పోగూడదంటిరే అన్నాను.

"అమ్మోరు పగిలిన బాధలో ఎప్పుడో ఒక మాటన్యా. నువ్వు అదే పట్టుకోనుంటివా తల్లీ? ఒక్క మాట అడగగూడదా నన్ను?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కళ్ళు తడిశాయి. నాకు మాత్రం ఏడుపు రాలేదు.

బస్సు నంద్యాల దగ్గరికి వచ్చేసరికి మా పిల్ల ఫోను టింగుమంది, మెయిలు పోయింది. ఇప్పటి ఉత్తరాలకు వేళ లేదు, గేటు లేదు, కాపలా మనిషి అసలే లేదు. ఏది ఎందుకు ఆగిందో నాలుగు మాటలు టైపు చేస్తే ఫోనే చెబుతుందట. ఆ రోజుల్లో నేను యంత్రాన్ని ఎన్ని వందల ప్రశ్నలు అడిగానో, మనిషిని ఒక్కటీ అడగలేదు. మొగమాటం, గౌరవం, భయం, ఏ పేరైనా పెట్టుకోండి. నోరు తెరిచి మనిషిని అడగమని ఈ పిల్లకైనా చెబుదామని దాని వైపు తిరిగాను. అది అప్పటికే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంది.