గాలి పలికే తీగ

మా మామయ్యగారు పోయిన నెల ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం మేముండే హిందీవాళ్ళ ఊరు మోవాలో మా డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే, ఆసుపత్రి నుంచి మావారు ఫోన్ చేసి "నాన్న లేరు" అని మాత్రం అన్నారు. వడగాలి వీస్తోంది. మామయ్యగారు వెదురుకర్రల మీద కట్టిన రాగి తీగ పక్కనే టిక్, టిక్ మంటూనే ఉంది.

ఆయన రైల్వేలో కరెంటు పని చేసి రిటైరయ్యారు. గాలిలో ఊరికే తిరిగే కరెంటును పట్టి బ్యాటరీ నింపాలన్న కోరిక ఆ తర్వాత పుట్టింది. తీగ చివర రెండు మేకులను సన్నని సందు వదిలి ఎదురెదురుగా బిగించారు. పొడిగాలి వీస్తే ఆ సందులో నీలం నిప్పురవ్వ గెంతేది. "గాలి పలికింది" అనేవారు. "వోల్టేజికి కొదవ లేదమ్మాయ్, కరెంటే చిటికెడు. నాలాగే, గొంతు పెద్దది, ఒంట్లో బలం లేదు" అని నవ్వేవారు.

తీగను ముట్టుకునే ముందు, భూమిలోకి వైరు దింపిన కడ్డీని దానికి తగిలించాల్సిందే. అప్పుడు తీగ మూగబోయేది. "ముందు ఎర్త్, తర్వాత చెయ్యి" అని నాకూ నేర్పారు.

పక్కింటాయన పిట్టగోడ మీంచి, "అంకుల్‌జీ, ఆజ్ కిత్నీ బిజ్లీ పకడీ?" అని ఆరోజు ఎంత కరెంటు పట్టారో అడిగేవాడు. "చాయ్ మే చీనీ జిత్నీ!" అనేవారు మామయ్యగారు, టీలో పంచదార అంత అని.

అత్తయ్య ఊరుకునేది కాదు. "దాంతో క్రిస్మస్ స్టార్ వెలిగించండి, నమ్ముతాను. అప్పటిదాకా ఆ తీగ నా బట్టల తాడుకి అడ్డమే."

ఆ మాట ఆయన పట్టుకున్నారు. రెండు క్రిస్మస్‌లు గడిచినా బ్యాటరీ నిండలేదు. మూడో ఏడు గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరి, పండగ ముందు ఇంటికొచ్చారు. మెట్లెక్కలేక డాబా వైపు చూస్తూ కూర్చునేవారు. నాకు మనసాగలేదు. ఎవరూ లేనప్పుడు బ్యాటరీని ఛార్జర్‌తో గోడ ప్లగ్గుకి పెట్టి నింపేశాను. పండగ సాయంత్రం వీధి గుమ్మం మీద కాగితపు స్టార్ వెలిగింది. అత్తయ్య చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మామయ్యగారు మాత్రం స్టార్‌ని కాదు, నన్ను చూశారు.

మర్నాడు మెల్లగా డాబా ఎక్కి నన్ను పిలిచారు.

"రెండేళ్ళలో రానిది రెండు రోజుల్లో వచ్చేసింది. ఎవరమ్మా ఆ దేవదూత?"

నేను ఏడ్చేశాను.

"అరే, ఏడవకు బేటా. స్టార్ వెలగడం కాదు నాక్కావలసింది, గాలి వెలిగించడం" అన్నారు. బ్యాటరీకి బల్బు తగిలించి, అది పూర్తిగా ఆరిపోయేదాకా పక్కనే కూర్చున్నారు. "పద, మొదట్నుంచి పట్టుకుందాం" అని లేచారు. ఇంట్లో మాత్రం, "జాయింట్ ఊడింది, అంతా ఖాళీ అయిపోయింది, నాదే పొరపాటు" అని చెప్పారు. అత్తయ్య ఎత్తిపొడుపులు, పక్కింటాయన నవ్వులు మళ్ళీ తానే పడ్డారు. నా పేరు ఎప్పుడూ బయటపెట్టలేదు. ఆ బ్యాటరీ మళ్ళీ నిండనూ లేదు.

మొన్న మమ్మల్ని ఓదార్చడానికి చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో అత్తయ్య లేచి, "మా ఆయన గాలితో స్టార్ వెలిగించారు, నేను కళ్ళారా చూశాను" అని అందరికీ చెప్పింది. అందరూ "ఆమెన్" అన్నారు. నా నోట ఆ మాట రాలేదు.

తర్వాత మావారు తీగ విప్పెయ్యమంటే డాబా ఎక్కాను. ముందు ఎర్త్ కడ్డీ తగిలించాను. తీగ మూగబోయింది. అత్తయ్య కూడా రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. ఇక దాచలేక జరిగినదంతా చెప్పేశాను.

అత్తయ్య పిట్టగోడకి ఆనుకుంది. తర్వాత, "ఆయన నాకెందుకు చెప్పలేదు?" అంది.

"మీరు నన్ను తిడతారని అత్తయ్యా."

"తిట్టేదాన్నే" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కాసేపు తీగ వైపు చూసింది. "ఆ కడ్డీ తీసెయ్."

కడ్డీ తీశాను. ఇద్దరం మేకుల దగ్గర ఒంగి నిలబడ్డాం. బట్టల తాడు మీద ఆయన తువ్వాలు ఒక్కసారి పైకి లేచింది. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది.

టిక్.